నలుపు తెలుపు పటముల పునర్ముద్రణము: ఒక విమర్శ

ఇటీవల మన బళ్లారి తెలుగు కుటుంబములలో ఒక మంచి అలవాటు ప్రబలినది. పెట్టెల అడుగున, అల్మరాల పైన మరుగుపడియున్న పెద్దల ఫోటోలను వెలికితీసి, స్కాను చేయించి, క్రొత్తగా ముద్రింపించి గోడలకు తగిలించుచున్నారు. షష్టిపూర్తులకు, గృహప్రవేశములకు, సంవత్సరీకములకు ఈ పటములే ముందు నిలుచుచున్నవి. సభామందిరములలోని నాటకకళాకారుల పటములును ఇట్లే పునర్ముద్రణము పొందుచున్నవి. ఈ యుత్సాహము మెచ్చదగినది. అయితే ఒక గ్రంథము పునర్ముద్రితమైనప్పుడు విమర్శకుడు అచ్చుతప్పులను ఏరి చూపును గదా! పటము పునర్ముద్రితమైనప్పుడు మాత్రము మనము 'బాగున్నది' అని తలయూపి ఊరకుండుచున్నాము. పటములకును అచ్చుతప్పులు కలవు. వానిని గూర్చి కొన్ని మాటలు చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

మేము చిత్రకారులము కాము, ఫోటోగ్రాఫరులమును కాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, కచేరీలో గుమాస్తాపని చేసి, నకళ్లు వ్రాయుచు, ఇతరులు వ్రాసిన నకళ్లను సరిచూచుచు ఉద్యోగకాలము గడపినవారము. ఆ పనిలో ఒక నియమముండెను. ఒకరు అసలును పైకి చదువవలెను. వేరొకరు నకలుపై వ్రేలుంచి చూడవలెను. మాటకు మాట, అంకెకు అంకె సరిపోయిన పిమ్మటనే 'సరియైన నకలు' అని సంతకము పడవలెను. అక్షరములు ముత్యములవలె నున్నవా లేదా యనునది రెండవ ప్రశ్న. పునర్ముద్రితమైన పటము కూడ నకలే. దానిని మేము ఈ కొలతతోనే చూచుచున్నాము.

మొదట పాతపటము అనగా ఏ రంగు గలదో విచారింపవలెను. 'పాతది గనుక గోధుమరంగు' అను భావము జనులలో స్థిరపడినది. ఇది సగము నిజము మాత్రమే. 1850లో ఫ్రాన్సు దేశమున బ్లాంకార్ ఎవ్రార్ వెలువరించిన ఆల్బ్యుమెన్ కాగితముపై గ్రుడ్డులోని తెల్లసొన పూతయందు వెండి లవణములు నిలిచియుండెడివి. ఆ ముద్రలకు బంగారు లవణముతో టోనింగు చేయగా ఊదాచాయ గల గోధుమరంగు కలిగెడిది. కాలక్రమమున వాని తెల్లభాగములు పసుపుబారెడివి. పందొమ్మిదవ శతాబ్దము చివరనుండి వ్యాపించిన జెలటిన్ వెండి కాగితముల సహజవర్ణము గోధుమ కాదు. అది కాగితమును, కడుగు మందును బట్టి చల్లని నలుపుగానో, ఏ చాయయు లేని నలుపుగానో, కొంచెము వెచ్చని నలుపుగానో ఉండును. మన ఇండ్లలోని తాతముత్తాతల ఫోటోలు అధికభాగము ఈ జాతివే. కోరినవారికి స్టూడియోవారు అందలి వెండిని గంధకముతో కలిపి వెండి సల్ఫైడుగా మార్చి ఇచ్చెడివారు. నిజమైన సెపియా అదియే. అది వట్టి అలంకారము కాదు. వెండికంటె వెండి సల్ఫైడు గాలిలోని దోషములకు ఎక్కువగా తట్టుకొనును. సెలీనియముతో చేయు టోనింగునకును ఇట్టి రక్షణగుణమే కలదు.

కనుక పాతపటమునందలి గోధుమరంగు మూడు విధములుగా వచ్చియుండవచ్చును. కొన్నింటికి అది పుట్టుకతో వచ్చినది. కొన్నింటికి టోనింగుచే పూనినది. మరికొన్నింటికి మందులు సరిగా కడుగక వదలినందున రోగమువలె పట్టినది. నకలు తీయువాడు ఈ మూటిలో దేనిని నకలు తీయుచున్నాడో ఎరిగియుండవలెను. ఇప్పుడు జరుగుచున్న పని అట్లు లేదు. కంప్యూటరులో ఒక మీట నొక్కినంతనే 1890 నాటి పటమునకును 1965 నాటి పటమునకును ఒకే గోధుమపూత పడుచున్నది. ఏబది సంవత్సరముల ఎడముగల తాతయు మనుమడును ఒకేనాడు ఫోటో తీయించుకొన్నట్లు కనబడుచున్నారు. ఇది మేము ఎత్తిచూపు మొదటి అచ్చుతప్పు.

దీనికి మన సీమలోనే ఒక గొప్ప ఉదాహరణము కలదు. 1856లో మద్రాసు సైన్యమునందలి అధికారి అలెగ్జాండర్ గ్రీన్‌లా హంపీ శిథిలములను పెద్ద పరిమాణముగల మైనపుకాగితపు నెగెటివులపై చిత్రించెను. 2021లో విజయనగర జిల్లా వేరుపడువరకు హంపీ మన బళ్లారి జిల్లాలోనిదే. 1983లో ఆస్ట్రేలియా ఫోటోగ్రాఫరు జాన్ గోలింగ్స్ గ్రీన్‌లా నిలిచిన చోటులనే వెదకి, అవే దృశ్యములను తిరిగి తీసెను. గ్రీన్‌లా చిత్రములతో ఆల్కాజీ సంగ్రహమువారి గ్రంథము 2008లో జార్జి మిషెల్ సంపాదకత్వమున వెలువడినది. ఇట్టి నెగెటివులనుండి ముద్ర తీయువానికి రెండు సంగతులు తెలియవలెను. మొదటిది, నెగెటివునకు నిర్ణీతమైన రంగు లేదు. చాయను ముద్రకుడు ఎన్నుకొనవలెను, ఎన్నుకొన్నదానిని చెప్పవలెను. రెండవది, ఆనాటి వెండిపూతలు నీలికాంతిని మాత్రమే బాగుగా గ్రహించెడివి. అందుచే ఆకాశము తెల్లని కాగితమువలె వచ్చెడిది. ఆ తెల్లదనము లోపమని తలచి మేఘములను చేర్చినచో అది నకలు కాదు, క్రొత్త దస్తావేజు.

ఇక ఇప్పటి యంత్రము సంగతి. ఇంకుజెట్టు యంత్రము సిరాను కంటికి కానరానంత సన్నని బిందువులుగా కాగితముపై చిమ్మును. సాధారణ యంత్రములలో సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అను నాలుగు సిరాలుండును. బూడిదరంగు కావలసినచోట యంత్రము పెక్కుసార్లు మొదటి మూడు రంగులను కలిపి దానిని కల్పించును. మూటిలో ఒకటి రవంత హెచ్చినను బూడిదరంగునకు పచ్చచాయయో గులాబిచాయయో తగులును. అంతటితో పోదు. పగటివెలుగున సరిగా నున్న పటము రాత్రి దీపము క్రింద వేరొక చాయతో కనబడును. దీనినే ఆ విద్య తెలిసినవారు మెటామెరిజము అందురు. మన ఇండ్లలో నడవలోని పటమునకు పగలు ఎండ వెలుతురు, రాత్రి ట్యూబులైటు. కనుక ఈ దోషము దాగదు.

దీనికి విరుగుడు లేకపోలేదు. గాయకుడు గ్రాహం నాష్ 1991లో కాలిఫోర్నియాలో నాష్ ఎడిషన్స్ అను ముద్రణశాల నెలకొల్పి, అచ్చుపనిలో ప్రూఫులకై పుట్టిన ఐరిస్ యంత్రముతో కళాఖండములవంటి ఫోటో ముద్రలను తీయించెను. పిమ్మట అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమున జాన్ కోన్ రంగుసిరాలను తొలగించి, ఒకే నలుపును పలు అంతరములుగా పలుచన చేసిన సిరాలతో ముద్రించు పద్ధతిని వృద్ధిచేసెను. రాయ్ హారింగ్టన్ రచించిన క్వాడ్‌టోన్ రిప్ అను సాఫ్టువేరు సామాన్య యంత్రముల సిరాలను కూడ ముద్రకుని ఆధీనమునకు తెచ్చెను. 2005లో ఎప్సన్ సంస్థ మూడు అంతరముల నలుపు గల కె3 సిరాలను వెలువరించెను. నేడు చిన్నపట్టణములలో సైతము ఇట్టి యంత్రములు దొరకుచున్నవి. కాబట్టి 'యంత్రము ఇంతే' అను సాకు ఇప్పుడు చెల్లదు.

నలుపు సిరాలో కార్బను వర్ణకము మిక్కిలి స్థిరమైనది. మన పూర్వులు తాటాకులపై గంటముతో గీసి, మసి పూసి అక్షరములను నలుపు చేసిరి. ఆ మసియు కార్బనే. తాళపత్రములు శతాబ్దములు గడచినను చదువ వీలగుచున్నవన్నచో ఆ నలుపు వెలిసిపోకుండుటయు ఒక కారణము. అయితే వట్టి కార్బను సిరా కాగితముపై కొంచెము వెచ్చగా, గోధుమవైపు మొగ్గి కనబడును. చల్లని నలుపు కావలెనన్న దానికి నీలిచాయను కొద్దిగా చేర్చవలెను. ఈ చేర్చుటయు తగ్గించుటయుమే నేటి టోనింగు. పూర్వము తొట్టిలో మందుతో జరిగిన పని ఇప్పుడు సిరాల పాళ్లలో జరుగుచున్నది.

కాగితముల మాటకు వత్తము. కొందరు కళాప్రియులు మెరుపులేని నూలుకాగితమే ఉత్తమమనియు, నిగనిగలాడునది బజారుసరుకనియు తలంతురు. మేము దీనికి సమ్మతింపము. మెరుపులేని కాగితముపై ఎంత మంచి నలుపైనను సాంద్రతలో 1.6 ప్రాంతమున ఆగును. బేరియం సల్ఫేటు పూత గల బరైటా కాగితముపైనను, నిగనిగ కాగితముపైనను 2.2 వరకు పోగలదు. 1.6 అనగా పడిన వెలుగులో నూటికి రెండున్నర పాళ్లు కంటికి తిరిగివచ్చును. 2.2 అనగా నూటికి ఆరు దశాంశముల పాలు మాత్రమే వచ్చును. అనగా రెండవ నలుపు మొదటిదానికంటె నాలుగింతలు గాఢము. స్టూడియోలో మెరుగుకాగితముపై తీసిన పటమును నూలుకాగితముపైకి దించినప్పుడు నల్లని భాగములన్నియు తేలిపోవును. ఆల్బ్యుమెన్ కాలమునకు పూర్వపు ఉప్పుకాగితపు ముద్రలకైనచో మెరుపులేని నూలుకాగితమే తగును. కాగితము అసలును బట్టి ఉండవలెనుగాని కొనువాని హోదాను బట్టి కాదు.

కాగితపు తెల్లదనమునందును ఒక మోసమున్నది. బజారులో మిక్కిలి తెల్లగా మెరయు కాగితములలో, బట్టల సబ్బుపొడులలో వాడునటువంటి తెలుపు హెచ్చించు రసాయనములుండును. అవి ఎండలోని అతినీలకాంతిని గ్రహించి నీలిగా వెలుగును. కొన్ని సంవత్సరములకు ఆ శక్తి నశించి కాగితము పసుపు తిరుగును. అట్టి కాగితముపై గోధుమచాయ పూసినచో తెల్లభాగము నీలిగా, నీడలు గోధుమగా విడిపోయి, ముఖము రెండు దేశములకు చెందినట్లుండును.

ఒక ప్రత్యక్ష నిదర్శనము. మా నాయనమ్మగారి ఫోటో యొకటి మాయింట గలదు. ఆమె చామనచాయ కంటె నలుపు. ముదురురంగు పట్టుచీర, సన్నని జరీ అంచు, ముక్కుపుడక. మెడప్రక్క నీడలో నల్లపూసలు. ఒక దుకాణమున దీనిని ముద్రింపగా ఆమె ముఖము కాగితమంత తెల్లనై, చీర ఒకే నల్లని ముద్దయై, పూసలు అదృశ్యమయ్యెను. పైని గోధుమపూత సరేసరి. ఇంటిలోని పిల్లలు 'బాగున్నది' అనిరి. ఆమెను ఎరిగిన మా మేనత్త ఆ పటమును చేతపట్టుకొని, 'ఇది ఎవరే అమ్మా?' అని అడిగెను. అనంతరము యంత్రమును శ్రద్ధగా నడుపు ఒక యువకుడు ఆ ఫోటోనే మూడు కాగితములపై, మూటికిని వేర్వేరుగా సరిదిద్ది ముద్రించి ఇచ్చెను. బరైటా కాగితముపై పూసలు ఒక్కొక్కటిగా తెలిసినవి. నిగనిగ కాగితముపైనను తెలిసినవికాని కిటికీ ప్రతిబింబము అడ్డుపడినది. నూలుకాగితముపై ముఖము మృదువుగా, అందముగా వచ్చినను చీర అంచు మాసిపోయినది. మూడింటిలో అసలునకు సమీపించినది మొదటిది.

ఆ యువకుడు చేసిన సరిదిద్దుటనే కాలిబ్రేషను అందురు. అది మంత్రము కాదు, తూనికరాళ్లను సరిచూచుటవంటిది. తెలుపునుండి నలుపువరకు నూటికి ఐదేసి పాళ్ల అంతరముతో 21 గళ్లుగల ఒక పట్టీని ఆ కాగితముపై, ఆ సిరాతో ముద్రింపవలెను. ఒక దినము ఆరనీయవలెను. తడిసిరా తన నిజమైన నలుపును చెప్పదు. పిమ్మట స్పెక్ట్రోఫోటోమీటరుతోగాని, అది లేనిచో మంచి స్కానరుతోగాని ప్రతి గడిని కొలువవలెను. సరిదిద్దని యంత్రమున 85, 90, 95, 100 అను గళ్లు నాలుగును ఒకటిగా కలిసిపోవుట తరచు చూతుము. మా నాయనమ్మగారి చీరయు పూసలును పోయినది ఆ నాలుగు గళ్లలోనే. సిరా మితిమీరినచో కాగితము పీల్చుకొనలేక నలుపు గాఢమగుటకు మారు మసకబారును. కనుక సిరాకొక హద్దు పెట్టవలెను. ఆ పిమ్మట గడికి గడికి నడుమ కంటికి సమానమైన మెట్టు కనబడునట్లు యంత్రమునకు లెక్క ఇయ్యవలెను. ఒక కాగితమునకు చేసిన లెక్క మరొకదానికి పనికిరాదు. మెరుపులేని కాగితమునకు మేటు నలుపు, మెరుపుగలదానికి ఫోటో నలుపు అని సిరాలే వేరు. ఊరికొక శేరు చెల్లిన కాలమున ఈ ఊరి శేరుతో ఆ ఊరి ధాన్యము కొలిచిన తగవు తప్పనట్లే, ఇక్కడను తప్పదు.

అన్నింటికంటె పెద్ద అచ్చుతప్పు ముఖములను తెల్లబరచుట. ఇది యంత్రదోషము కాదు, మనోదోషము. దీనిని సమర్థించువారు ఒక వాదము చెప్పుదురు. పూర్వపు ప్లేటులు ఎరుపుకాంతిని గ్రహింపనందున గోధుమవన్నె దేహములు ఉన్నదానికంటె నల్లగా వచ్చెడివి. కావున ఇప్పుడు కొంత తెల్లబరచుట న్యాయమే యని. వాదమునందు సత్యాంశము కలదు. ఆర్థోక్రొమాటిక్ ప్లేటుల స్వభావము అట్టిదే. ఆనాటి స్టూడియోలలోను నెగెటివుపై పెన్సిలుతో దిద్దుపని జరిగెడిది. కాని ఆ వాదమును అనుసరించువారు పటమంతటికిని సమముగా సవరణ చేయవలెను; ముఖమునకు మాత్రము సున్నము కొట్టి, చేతులను నల్లగా విడుచుట ఏ న్యాయము? రాయలసీమ యెండలో పొలములు తిరిగి, నీళ్లు మోసి, దుకాణములు నడపి బ్రతికినవారి దేహచ్ఛాయ ఆ బ్రతుకులో ఒక భాగము. దానిని తుడిచివేసి గోడకు తగిలించి, పూలదండ వేసి నమస్కరించుట ఎవరికి చేసిన నమస్కారము?

నాటకకళాకారుల పటములకు వచ్చినచో ఈ నష్టము ఊరందరిదగును. బళ్లారి తెలుగు నాటకమునకు పుట్టినిల్లువంటిది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభను, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభను ఇక్కడనే నడపిరి. 1880లో జన్మించి 1946లో గతించిన బళ్లారి రాఘవ ఈ పట్టణమున న్యాయవాదియై, రంగస్థలమున హిరణ్యకశిపుడుగా, దుర్యోధనుడుగా, కోలాచలమువారి నాటకమున పఠాను రుస్తుముగా కీర్తి గాంచెను. 'ద్రౌపదీ మానసంరక్షణము' (1936), 'రైతుబిడ్డ' (1939), 'చండిక' (1940) అను మూడు చలనచిత్రములలో నటించెను. 1981లో భారత తపాలాశాఖ ఆయన పేర బిళ్ల వెలువరించెను. ఆయన నాటకములలో చూపిన అభినయమునకు మనకిప్పుడు మిగిలిన కంటిసాక్ష్యము నిశ్చలచిత్రములే. నటుని పటమున ఏమి చూతుము? కనుబొమల ముడి, కంటిక్రింది నీడ, పెదవి మూల, వేషమునకు పూసిన రంగు అంచు. ఇవన్నియు బూడిదరంగులోని సూక్ష్మభేదములు. ఆ మెట్లు చెరిగిపోయిన పటమున దుస్తులు మిగులును, నటుడు మిగులడు.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటువైపునకు పోగా, బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. మన పెద్దలు ఇల్లు విడువక ఇక్కడనే నిలిచిరి. కన్నడము మనకు ఇరుగుపొరుగుల భాష, బడిభాష, అన్నము పెట్టు భాష అయినది. ఇందు మనకు కొరతయేమియు లేదు. అయితే తాతలు తెలుగున వ్రాసిన జాబులను చదువలేని మనుమలు ప్రతి ఇంటను పెరుగుచున్నారు. అట్టి పిల్లలకు పూర్వులను గూర్చి తెలుపుటకు పటము తప్ప వేరొక పత్రము లేకుండపోవు దినము దూరమున లేదు. ఆ ఒక్క పత్రమైనను సరియైన నకలుగా ఉండవలదా?

అందుచే సంఘసభ్యులకు మా సూచనలు కొన్ని. క్రొత్తది వచ్చినదని పాతదానిని పారవేయరాదు; దానిని ఆమ్లములేని కాగితమున చుట్టి ఎండకు, తేమకు దూరముగా ఉంచవలెను. ముద్రింపించునప్పుడు అసలును వెంట తీసికొనిపోయి, రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచి, ఒకసారి వాకిటి వెలుతురునను, ఒకసారి ఇంటి దీపము క్రిందను చూడవలెను. పటము అంచున చిన్న బూడిదపట్టీ ముద్రింపుమని అడుగవలెను. గళ్లు కలిసిపోయినచో పటమును తిరిగి ఇచ్చివేయుటకు సంకోచింపరాదు. చాయ ఏదియని దుకాణదారు అడిగినప్పుడు 'పాతగా కనబడునట్లు' అనక, 'అసలునందున్నట్లు' అని చెప్పవలెను. చినిగినదానిని అతుకుట, మరకను తీయుట దోషము కాదు. లేని వన్నెను, లేని మెరుపును తెచ్చుట దోషము.

చివరగా, ప్రతి పునర్ముద్రిత పటము వెనుక నాలుగు పంక్తులు వ్రాయింపవలెను: అసలు ఎవరియింట గలదు, దాని కొలత యెంత, అసలు చాయ యెట్టిది, ఏ సంవత్సరమున ఏ కాగితముపై ఏ సిరాతో ముద్రితమైనది, ఏమి మార్చబడినది. కచేరీలో నకలు వెనుక సరిచూచినవాని సంతకము లేనిదే ఆ కాగితము చెల్లెడిది కాదు. మన గోడలపై పటములకును ఆపాటి నియమము పెట్టుకొందమని మా మనవి.